నియోనా, మ్యాక్సా? కాక్‌పిట్‌లోంచి చూస్తే

ఎయిర్‌బస్ వాళ్ల ఏ320 నియో, బోయింగ్ వాళ్ల 737 మ్యాక్స్ రెండూ పాత విమానాలకు కొత్త ఇంజన్లు తగిలించి తెచ్చినవే. తయారీదారుల లెక్కలో రెంటికీ ఇంధన ఆదా 15 శాతం అటూఇటూ. కాబట్టి ఏది మేలన్న పైలట్ల వాదన ఇంధనం దగ్గర తేలదు.

నియోలో విమానాన్ని నడపడానికి చేతి పక్కన చిన్న పుల్లలాంటి సైడ్‌స్టిక్ ఉంటుంది. ఎదురుగా మడత బల్ల లాక్కుని తీరిగ్గా భోంచేయొచ్చు (నవ్వకండి, రోజుకు నాలుగు ట్రిప్పులు తిప్పేవాళ్లకు అదీ లెక్కే). ఏదైనా చెడితే ఏం చెయ్యాలో తెర మీదే వరసగా వస్తుంది. మ్యాక్స్‌లో తెరలు పెద్దవే, కానీ తలపైన స్విచ్‌ల వరస 1960ల నాటి పోలికే. అయినా మ్యాక్స్‌లో ఎదురుగా స్టీరింగ్‌లా ఉండే యోక్ పట్టుకుంటే విమానం చేతిలో ఉన్నట్టుంటుందనేవాళ్లు తక్కువేం కాదు.

అసలు చిక్కు ఇంజన్ దగ్గరుంది. 737 నేలకు దగ్గరగా ఉండటంతో పెద్ద ఇంజన్‌ను ముందుకీ పైకీ జరపాల్సొచ్చింది. దాంతో మారిన నడతను సరిదిద్దడానికి ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. చాలామంది పైలట్లకు దాని సంగతే చెప్పలేదు. అదే కారణమై 2018లో ఇండోనేషియాలో, 2019లో ఇథియోపియాలో మ్యాక్స్‌లు కూలి మొత్తం 346 మంది పోయారు. ఆ కోపం పైలట్లలో ఇంకా చల్లారలేదు.

నియో కడిగిన ముత్యమేం కాదు. దానికి పెట్టే రెండు రకాల ఇంజన్లలో ఒకటైన ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్ల గొడవతో మనదేశంలో విమానాలు వరసగా నేలకు పరిమితమయ్యాయి. 2023 మేలో గో ఫస్ట్ అనే విమానయాన సంస్థ ఆగిపోతూ ఆ ఇంజన్లనే వేలెత్తి చూపింది.

నన్నడిగితే నియో, అదీ రెండో రకమైన లీప్ ఇంజన్‌తో.