సా నాలుగు రకాలుగా పలికింది: సాఫ్ట్ సింథ్ వెర్షన్ 2 మీద నా గొడవ

నా గొడవంతా ఒక సాఫ్ట్‌వేర్ సింథ్‌లో, అంటే వాయిద్యంలా శబ్దాన్ని పుట్టించే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో, ఉన్న ఒక్క నాబ్ గురించి. దాని కింద "డ్రిఫ్ట్" అని రాసి ఉంటుంది. ఓసిలేటర్లు (స్వరాన్ని పుట్టించే భాగాలు) ఎన్ని, ఎఫెక్టులు ఎన్ని, ప్రీసెట్లు ఎన్ని అన్నవి ఎవరైనా చూసుకోగలరు కాబట్టి వాటి జోలికి పోను. సింథ్ పేరు కూడా రాయను. పేరు రాస్తే దాని అభిమానులు, తిట్టేవాళ్లు చేరి అసలు సంగతి పక్కకు పోతుంది. పాత అనలాగ్ సింథసైజర్ సర్క్యూట్‌ని ఉన్నదున్నట్టు దింపామని చెప్పుకునే సాఫ్ట్‌వేర్ సింథ్‌లలో ఒకటి అనుకోండి, చాలు. వెర్షన్ 1 నా దగ్గర ఆరేళ్లుగా ఉంది. ఇప్పుడు వెర్షన్ 2 వచ్చింది. పాతవాళ్లకు తగ్గింపు ధర నెలాఖరు వరకే అన్నారు. 14 రోజులు పూర్తిగా వాడి చూడనిచ్చారు.

మాది ఆంధ్ర సరిహద్దులో ఒడిశా వైపున్న పర్లాకిమిడి. మెలోడీ పార్టీలో కీబోర్డు వాయిస్తాను. ఆర్కెస్ట్రాని ఇక్కడ మెలోడీ అంటారు. పాతపట్నం, టెక్కలి వైపు పెళ్లిళ్లలో తెలుగు పాటలు, మోహన వైపు వెళ్తే ఒడియా పాటలు, కాశీనగర్, గుణుపురం అయితే సగం సగం. నాకున్నది ఒక్కటే ల్యాప్‌టాప్, ఎనిమిదేళ్ల నాటి ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. ఇంట్లో ట్రాకులు చేసేదీ స్టేజీ ఎక్కేదీ అదే. ఈ సంగతి గుర్తుంచుకుని మిగతాది చదవండి. మంచి కంప్యూటర్ ఉండి, స్టేజీ ఎక్కే పని లేనివాళ్లకి నా మాటల్లో సగం వర్తించవు.

మూడేళ్ల కిందట పాత వెర్షన్ గురించి రాసినప్పుడు దాని స్వరం బతికున్నట్టు ఉంటుందనీ, కీబోర్డులో వచ్చే రెడీమేడ్ టోన్‌లా బిగుసుకుపోదనీ, అదంతా డ్రిఫ్ట్ మహిమేననీ పొగిడాను. ఆ మాటల సంగతి కిందకి వెళ్లాక చెప్తాను.

డ్రిఫ్ట్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పాత అనలాగ్ పెట్టెల్లో ఓసిలేటర్ శ్రుతి లోపలి ట్రాన్సిస్టర్ల వేడిని బట్టి కదిలేది, ఆ కదలికే డ్రిఫ్ట్. 1970లో వచ్చిన మినీమూగ్‌ని స్టేజీ మీద స్విచ్ వేసి, కాసేపు వేడెక్కనిచ్చి, అప్పుడు శ్రుతి చేసుకునేవాళ్లు. 1978 నాటి ప్రాఫెట్-5లో అయిదు గొంతులు ఒకేసారి పలుకుతాయి, ఒక్కో గొంతుకి దాని సర్క్యూట్ దానిదే. అయిదింటినీ ఒక దారికి తేవడానికి ట్యూన్ బటన్ పెట్టాల్సి వచ్చింది. 1982లో జూనో-60, 1984లో జూనో-106 డిజిటల్ గడియారం లెక్కతో నడిచే ఓసిలేటర్లతో వచ్చాక శ్రుతి తిన్నగా నిలబడింది. తీరా 2020లో ప్రాఫెట్-5ని మళ్లీ తయారు చేసినప్పుడు దానికి "వింటేజ్" అని ఒక నాబ్ పెట్టారు. తిప్పేకొద్దీ గొంతుల మధ్య తేడాలు పెరుగుతాయి. అప్పట్లో ఇంజినీర్లు తలలు పట్టుకుని వదిలించుకున్న జబ్బునే ఇప్పుడు నాబ్ పెట్టి అమ్ముతున్నారు, మనం కొంటున్నాం.

నేనూ అందుకే ఎగబడ్డాను. ట్రయల్ దింపుకున్న రోజు రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నా పాత ప్యాడ్ (పాట వెనక పరుచుకుని సాగే టోన్) ఒకటి వెర్షన్ 2లో తెరిచాను. నాలుగు వేళ్లు ఆనించి అలా ఉంచేశాను. శబ్దం వెడల్పయింది. లోపల ఏదో నీళ్లలా మెల్లగా కదులుతోంది. మా ఆవిడ వచ్చి "ఇంకా పడుకోలేదేటి?" అని అడిగినప్పుడు టైము ఒంటి గంట. కొనేద్దామని అప్పుడే అనుకున్నాను. అలాంటి నిర్ణయాలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తీసుకోకూడదని తర్వాత తెలిసింది.

నాలుగో రోజున కాశీనగర్‌లో పెళ్లి. పెళ్లికూతురు వాళ్లు తెలుగువాళ్లు, పెళ్లికొడుకు వాళ్లది పాతపట్నం. ఎదురుసన్నాహంలో సన్నాయి మేళంతో పాటు కీబోర్డు కూడా కలిసి వాయించాలని పెళ్లివారి సరదా. సన్నాయి గురువుగారు పెద్దాయన. నేను నిక్కర్లు వేసుకునే రోజుల నుంచీ మా ప్రాంతం పెళ్లిళ్లకు ఆయనే. ఆ రోజు ఆయన శ్రుతి రెండు, అంటే కీబోర్డు మీద డి. నా దగ్గర "మహూరి" అని పేరు పెట్టుకున్న లీడ్ ప్యాచ్ ఒకటి ఉంది, అంటే రాగం వాయించడానికి సేవ్ చేసుకున్న టోన్. గంజాం వైపు ఊరేగింపుల్లో వాయించే సన్నాయిలాంటి మహూరి గొంతుకి దగ్గరగా ఉండాలని పాత వెర్షన్‌లో నెలరోజులు కూర్చుని చేసుకున్నది. దాన్ని కొత్త వెర్షన్‌లో తెరిచి పెట్టుకున్నాను. ఇంట్లో విన్నప్పుడు తేనెలా ఉంది మరి.

మొదటి రెండు నిమిషాలు బాగానే గడిచాయి. ఆయన పై షడ్జం మీద నిలబడ్డారు. నేనూ అదే స్వరం పట్టుకున్నాను. వావ్ వావ్ వావ్ మని గాలి కదిలినట్టు ఊగింది. ఆయన నా వైపు చూసి, ఊపిరి కాస్త సర్ది, నా శ్రుతిలోకి వచ్చారు. నేను వేలు ఎత్తి మళ్లీ అదే కీ నొక్కాను. ఈసారి నా స్వరం ఇంకోచోట ఉంది. ఆయన మళ్లీ సర్దుకున్నారు. మూడోసారీ అంతే. సన్నాయి వాయించే మనిషి పెదవితో, ఊపిరితో వెంట్రుకవాసి జరగగలడు. నా పెట్టె ఆయన కోసం జరగదు సరికదా, తన ఇష్టం వచ్చినట్టు జరుగుతోంది. మా రిథమ్ ప్యాడ్ ప్లేయర్ ఒడియా కుర్రాడు, వెనక నుంచి "భాయీ, ఆజి కణ హేలా?" (అన్నా, ఇవాళ ఏమైంది?) అంటున్నాడు. నేను లీడ్ ఆపేసి కింద తీగలాగా తంబురా టోన్ ఒకటి పట్టుకుని గట్టెక్కాను. పెళ్లివారిలో ఎవరూ గమనించలేదు. బాజాల హోరులో ఎవరికి వినిపిస్తుంది? కానీ గురువుగారికి వినిపించింది.

భోజనాల దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని అడిగారు. "నీ పెట్టెకి జొరం తగిలిందేటి నాయనా? సా ఒకోపాలి ఒకోలాగ పలుకుతంది."

ఏం చెప్పను? అది 1978 నాటి జొరం గురువుగారూ, డబ్బులిచ్చి ఎక్కించుకుంటున్నాను అని చెప్పలేక ముద్ద మింగాను.

ఇంటికొచ్చాక పడుకోలేదు. సింథ్‌కి ట్యూనర్ తగిలించి, ఒకటే కీ ఎనిమిది సార్లు నొక్కి కాగితం మీద రాసుకున్నాను. సెంటంటే అర్ధస్వరంలో నూరో వంతు. మొదటిది 6 సెంట్లు పైకి. రెండోది 9 సెంట్లు కిందికి. మూడోది 2 పైకి. నాలుగోది 4 కిందికి. అయిదోది మళ్లీ 6 పైకి, ఆరోది మళ్లీ 9 కిందికి. నాలుగేసి చొప్పున తిరుగుతోంది! అప్పుడు వెలిగింది. నా మహూరి ప్యాచ్‌ని నేను నాలుగు గొంతుల పాలీలో, అంటే ఒకేసారి నాలుగు స్వరాలు పలికేలా, పెట్టుకున్నాను. కీ నొక్కిన ప్రతిసారీ స్వరం తర్వాతి గొంతుకి వెళ్తుంది. కొత్త వెర్షన్‌లో ఒక్కో గొంతుకి ఒక్కో శాశ్వతమైన తప్పు ఉంటుంది, పాత పెట్టెల్లో సర్క్యూట్ బోర్డులకు ఉన్నట్టే. అంటే నేను వాయిస్తున్నది ఒక సన్నాయి కాదు, శ్రుతి కలవని నలుగురు మనుషులు వంతులవారీగా ఊదుతున్న సన్నాయి. 9 సెంట్లంటే అర్ధస్వరంలో పదో వంతు కూడా కాదు. కానీ 587 హెర్ట్జ్ పై షడ్జం దగ్గర అది సెకనుకి మూడు ఊపులు. ఒక్కడినే వాయించుకుంటే అందంగా ఉంటుంది. పక్కన నిలకడగా ఇంకొకరు అదే స్వరం పట్టుకుంటే పరువు పోతుంది.

ఇంకో పని కూడా చేశాను, అది చేయకుండా ఉండాల్సింది. పాత వెర్షన్‌కి కూడా ట్యూనర్ పెట్టాను. డ్రిఫ్ట్ నాబ్ చివరి దాకా తిప్పి చూశాను. రెండు సెంట్లు. అంతకు మించి ముల్లు కదల్లేదు. ఆరేళ్లుగా నేను మురిసిపోయింది, మూడేళ్ల కిందట అంత పొడుగున పొగిడింది ఆ రెండు సెంట్ల కదలికనే. ఆ ప్యాచ్‌లో నా చెవికి బతికున్నట్టు అనిపించింది బహుశా దాని మీద నేను వేసుకున్న కోరస్ ఎఫెక్టే (ఒక స్వరాన్ని పలువురు పలికినట్టు చేసేది) కావచ్చు. కాబట్టి అప్పుడు రాసిన దాంట్లో "డ్రిఫ్ట్ మహిమ" అన్న చోట వేరే మాట చదువుకోండి. సింథ్ బాగుందన్న మాట మాత్రం అలాగే ఉంచుతున్నాను.

తప్పెవరిదీ అని అడిగితే గట్టిగా చెప్పలేను. పాత ప్యాచ్‌లో డ్రిఫ్ట్ ఎంతలో ఉందో అదే అంకెని కొత్త వెర్షన్ తెచ్చుకుంది. నాది 40 మీద ఉండేది. పాత 40కీ కొత్త 40కీ పోలికే లేదు. పాత ప్యాచ్ తెరిచినప్పుడు "ఇది మునుపటిలా ఉండదు" అని ఒక ముక్క చూపిస్తే ఏం పోయేది? నా కోపం అంతవరకే. మిగతాది నాదే. లీడ్ వాయించేవాడు మోనోలో, అంటే ఒకే గొంతులో, పెట్టుకోవాలి, ఆ సంగతి మొదటి ఏడాదే తెలుసుకోవాల్సింది. ఒక్క బటన్ నొక్కి మోనోలో పెట్టాక గొంతు ఒక్కటే అయింది, తప్పూ ఒక్కటే అయింది. దాన్ని ఫైన్ ట్యూన్‌తో సర్దేశాను. డ్రిఫ్ట్ 12కి దించాను. పైగా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారేటప్పుడు గమకం ఇదివరకటి కంటే నున్నగా వస్తోంది. ఆరేళ్లు పాలీలో వాయించి ఇన్ని పెళ్లిళ్లు ఎలా చేశానో!

శబ్దంలో పదును తగ్గించే ఫిల్టర్ సంగతి క్లుప్తంగా. ఇది నిజంగా బాగుంది. పాత పద్ధతిలో ఫిల్టర్ లోంచి వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్ ఒక శాంపిల్ ఆలస్యంగా కలిసేది. శాంపిలంటే శబ్దాన్ని సెకనుకి 44,100 ముక్కలు చేస్తే అందులో ఒకటి, సెకనులో పది లక్షల వంతుల్లో దాదాపు 23 వంతులు. అంత చిన్న ఆలస్యానికే, రెజొనెన్స్ (ఆ తిరిగొచ్చే సిగ్నల్ మోతాదు) బాగా పెంచితే పై స్థాయిలో ఫిల్టర్ తనంతట వేసే ఈల శ్రుతి తప్పుతుంది. కొత్తదాంట్లో ఆ ఆలస్యం లేకుండా లెక్క కడుతున్నారు. రెజొనెన్స్ చివరి దాకా పెంచి, ఓసిలేటర్లు ఆపేసి, ఒట్టి ఫిల్టర్ ఈలనే కీబోర్డు మీద వాయిస్తే పిల్లనగ్రోవిలా పలుకుతోంది, అదీ శ్రుతిలో. ఒడియా పాటల మధ్య ఫ్లూట్ బిట్లకి దీన్నే వాడదామని ఉంది.

కానీ ఆ లెక్కంతా చేయాల్సింది నా ఐ5. మే నెల మధ్యాహ్నం, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నాం. ఎనిమిది స్వరాల ప్యాడ్ మేలు రకం క్వాలిటీలో పట్టుకుంటే ల్యాప్‌టాప్ ఫ్యాను మిక్సీలా అరిచి, శబ్దం నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడింది. అసలు పెట్టెకి వేడెక్కితే శ్రుతి పోయేది, దాని నకలుకి వేడెక్కితే స్వరమే పోతోంది. బఫర్ (ఒక్క విడతలో లెక్క కట్టే శాంపిళ్లు) 256 నుంచి 512కి పెంచితే చిటపట తగ్గింది కానీ 11 మిల్లీసెకన్లు దాటిన ఆలస్యం వేలికి తెలుస్తోంది. క్వాలిటీ ఒక మెట్టు దించితే నడుస్తోంది. అలా దించినప్పుడు పాత వెర్షన్‌తో తేడా స్పీకర్లలో నాకు సగమే వినిపించింది. జనంలో ఎవరికీ వినిపించదు.

మరి కొన్నానా? కొన్నాను. చివరి రోజు రాత్రి, రెండు పెళ్లిళ్ల డబ్బులు పెట్టి. మా ఆవిడకి ఒక పెళ్లి డబ్బులని చెప్పాను. ఇంట్లో ట్రాకులు చేసేటప్పుడు తొందరేం లేదు కదా, ప్యాడ్ ఒక్కోటీ మేలు రకంలో రికార్డు చేసుకుని పక్కన పెట్టుకోవచ్చు. ఆ పనికి డ్రిఫ్ట్ 40లో ఉన్న నా పాత ప్యాడ్‌ని "జొరం" అని సేవ్ చేసుకున్నాను. ఇప్పుడు చేస్తున్న భక్తి పాటల ఆల్బమ్‌లో మూడింటికి అదే వాడాను. ఆ పని లేకపోయి, నేను ఒట్టి స్టేజీ వాయిద్యగాడినే అయితే వెర్షన్ 1తోనే ఉండిపోయేవాణ్ణి. మీ దగ్గర ఏమీ లేక కొత్తగా కొనేటట్టయితే నేరుగా 2 తీసుకోండి, మీ కంప్యూటర్ వయసు అయిదేళ్ల లోపు అయితేనే. నాలాగా పాత ప్యాచ్‌ల మీద బతికేవాళ్లు ట్రయల్‌లోనే ఒక్కో ప్యాచ్ తెరిచి, ఒకటే కీ పదిసార్లు నొక్కి చూడండి.

స్టేజీ సెట్‌లో మాత్రం ఈ సీజన్ అయ్యేదాకా పాతదే. వచ్చే వారం గుణుపురంలో పెళ్లి ఉంది, సన్నాయి మళ్లీ గురువుగారే. కొంచెం ముందుగా రమ్మని ఫోన్ చేసి అడిగాను. కొత్త మహూరి, మోనోలో పెట్టినది, సౌండ్ చెక్‌లో ఆయన పక్కన ఒకసారి పట్టి చూస్తాను. "జొరం తగ్గిందా?" అన్నారు ఫోన్లో. తగ్గిందనే అనుకుంటున్నానండీ, మీరు వినాలి అన్నాను.