ఒక్కడి ఆటా, అయిదుగురి ఆటా: బాస్కెట్‌బాల్‌లో ఏది మేలు?

అనంతపురంలోనో కర్నూలులోనో సాయంత్రం పూట కళాశాల కోర్టు దగ్గర కాసేపు నిలబడితే ఈ తంతు తప్పక కనిపిస్తుంది: డ్రిబ్లింగ్ (బంతిని నేలకు కొడుతూ ముందుకు సాగడం) బాగా వచ్చిన కుర్రాడొకడు ముగ్గురిని దాటాలని తంటాలు పడుతుంటాడు, తతిమ్మా నలుగురూ నడుం మీద చేతులు వేసుకుని అతన్నే చూస్తుంటారు. పొద్దున్నే ఫోన్లలో అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ చూసి వచ్చే ఆ పిల్లలకు ఇందులో లోపమేమీ తోచదు. వాళ్లు చూసేది పూర్తి మ్యాచ్ కాదు, అర నిమిషం క్లిప్పులు. జట్టు కట్టే వ్యాయామ ఉపాధ్యాయుడు మాత్రం ఒకటి తేల్చుకోవాలి: దొరికిన మేటి ఆటగాడి చేతికే బంతినిచ్చి మిగిలిన వాళ్లను అతనికి అనుగుణంగా నడపడమా, లేక అయిదుగురికీ ఆటను చదవడం నేర్పడమా?

మొదటి పద్ధతిని తీసిపారేయలేము. దాడికి గడువు 24 సెకన్లే, పైగా ప్రతి పాసులోనూ బంతి ఎదుటివాడికి చిక్కే ప్రమాదం ఉంటుంది. 2016 ఎన్‌బీఏ ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో, ఆ సీజన్‌లో 73 మ్యాచ్‌లు గెలిచిన, పాసులకు పేరుపడ్డ గోల్డెన్ స్టేట్ జట్టు చివరి నాలుగున్నర నిమిషాల్లో ఒక్క పాయింటు కూడా చేయలేకపోయింది. స్కోరు 89-89 దగ్గర ఆగిపోయి ఉండగా, ఇంకా 53 సెకన్లు మిగిలాయనగా, క్లీవ్‌లాండ్ ఆటగాడు కైరీ ఇర్వింగ్ స్టెఫెన్ కరీ ఎదుట నిలిచి ఒంటరిగా వేసిన మూడు పాయింట్ల షాటే టైటిల్‌ను తేల్చింది. గొప్ప పథకాలు కూడా అలసిన కాళ్ల ముందు పనిచేయని ఘడియలుంటాయి.

అయితే ఆ ఘడియ కోసం మ్యాచ్ మొత్తాన్ని ఒక్కడికి రాసివ్వడం వేరే సంగతి. 2016-17లో ఓక్లహోమా సిటీ తరఫున రస్సెల్ వెస్ట్‌బ్రూక్ సగటున 31.6 పాయింట్లు, 10.7 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), 10.4 అసిస్టులు (బుట్టకు దారితీసిన పాసులు) సాధించి ఎంవీపీ, అంటే ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడు, అయ్యాడు. లీగ్ దశ తర్వాతి నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లోనే అతని జట్టు హ్యూస్టన్ చేతిలో 4-1 తేడాతో ఓడిపోయింది. అతను బెంచి మీద కూర్చున్న కొద్ది నిమిషాల్లోనే ఆధిక్యం కరిగిపోయేది. పదికి పైగా అసిస్టులు చూసి దాన్ని సమష్టి ఆట అనుకుంటే పొరపాటే, ఎందుకంటే పాసులన్నీ ఒకే చేతి నుంచి వస్తున్నప్పుడు మిగిలిన నలుగురూ ఆలోచించడం మానేస్తారు.

రెండో పద్ధతికి నాకు తెలిసినంతలో 2014 నాటి శాన్ ఆంటోనియోను మించిన ఉదాహరణ లేదు. ఏడాది ముందు ఏడు మ్యాచ్‌ల ఫైనల్స్‌లో తమను ఓడించిన మయామీపైనే వాళ్లు 4-1తో గెలిచారు. గెలిచిన నాలుగింటిలో ఏ ఒక్కదాంట్లోనూ తేడా 15 పాయింట్లకు తగ్గలేదు. ఆ సీజన్‌లో ఆ జట్టులో ఎవరూ సగటున 30 నిమిషాలు కూడా ఆడలేదు. పనితీరు ఇలా ఉండేది: టోనీ పార్కర్ రింగ్ వైపు దూసుకెళ్లగానే మయామీ ఆటగాడొకడు తన మనిషిని వదిలి అడ్డొస్తాడు, బంతి వెంటనే మూలకు చేరుతుంది, అక్కడికి ఇంకొకడు పరుగెత్తుతాడు, షాట్ వేసే అవకాశం ఉన్నా మూలనున్నవాడు వేయకుండా బోరిస్ డియావ్‌కు ఇస్తాడు, అతను ఇంకొకరికి ఇస్తాడు. మనిషి ఎంత పరుగెత్తినా బంతి కన్నా వెనకే ఉంటాడు కాబట్టి, మూడో పాసుకో నాలుగో పాసుకో ఎవడో ఒకడికి అడ్డు ఉండదు. ఇందులో అందరికంటే ఎత్తుకు ఎగిరే అవసరం ఎవరికీ లేదు. అడ్డొచ్చినవాడు ఎవరిని వదిలి వచ్చాడో అర సెకనులో పసిగట్టగలిగితే చాలు.

ఈ రెండూ ఒకే మనిషిలో కుదిరిన తీరు మైకేల్ జోర్డాన్ చరిత్రలో కనిపిస్తుంది. 1986-87లో అతని సగటు 37.1 పాయింట్లు, షికాగో గెలిచింది 40, ఓడింది 42, ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లో బోస్టన్ చేతిలో 3-0తో ఓటమి. కోచ్‌గా ఫిల్ జాక్సన్ వచ్చి, సహాయ కోచ్ టెక్స్ వింటర్ త్రికోణ పద్ధతిని (ముగ్గురు త్రికోణంగా నిలబడి పాసులతో దాడిని నడిపే తీరు) అమలుచేశాకే 1991లో తొలి టైటిల్ దక్కింది. 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్ చివర్లో, 86-86 స్కోరు దగ్గర, ప్రత్యర్థి యూటా ఆటగాడు స్టాక్టన్ తన మీదికి వస్తాడని ముందే ఊహించిన జోర్డాన్, అతను రాగానే సహచరుడు స్టీవ్ కెర్‌కు బంతినిచ్చాడు. కెర్ వేశాడు, టైటిల్ వచ్చింది. తన మీద ఉన్న భయాన్నే పక్కవాడి షాటుగా మార్చడం కంటే పెద్ద తెలివి ఈ ఆటలో నాకు కనిపించదు. 2014 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియ) 41వ స్థానంలో ఎంపికైన నికోలా యోకిచ్ కూడా 2023లో డెన్వర్‌ను ఇదే దారిలో విజేతగా నిలిపాడు. పెద్దగా ఎగరడు, వేగం అంతంత మాత్రం, కానీ ఇద్దరు తన మీదికి వచ్చేసరికే బంతి అతని చేతిలో ఉండదు.

అందుకే నా ఓటు రెండో పద్ధతికే, ఒక షరతుతో: ఎదుటివాళ్లు ఇద్దరిని పంపక తప్పని ఆటగాడు ఒకడైనా ఉండాలి. వారానికి కొద్ది గంటలే సాధన దొరికే మన కడప, కర్నూలు కళాశాల జట్లకు ఇది ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. మేటి ఆటగాడికి అయిదో ఫౌల్ పడి కోర్టు వీడాల్సి వస్తే అతని చుట్టూ కట్టిన జట్టు ఆ క్షణమే చేతులెత్తేస్తుంది. సాధనలో డ్రిబ్లింగ్ నిషేధించి, పాసులతోనే రింగ్ దాకా వెళ్లే నలుగురి మీద నలుగురు ఆడే ఆట పెట్టండి. చివరి ఏడు సెకన్ల ఆటను ఒక్కడికి వేరుగా నేర్పండి. ఎంపికల రోజు ఎవడు ఎన్ని బుట్టలు వేశాడో రాసుకునే కాగితంలోనే, పాసు ఇచ్చిన తరువాతి రెండు సెకన్లలో ఎవడు కదిలాడు, ఎవడు నిలబడిపోయాడు అన్నదానికీ ఒక గడి గీయండి.