హైదరాబాద్ చూడటానికి వస్తున్నారా? ఎక్కడ దిగాలి, ఎక్కడ ఉండాలి, ఏ రోజు ఎటు వెళ్లాలి

హైదరాబాద్‌లో పది కిలోమీటర్లంటే అరగంటా కావచ్చు, గంటన్నరా కావచ్చు. అందుకే కిలోమీటర్లు లెక్కపెట్టకుండా మెట్రో లైను చూసుకుని తిరగాలి. లైన్లు మూడు: మియాపూర్–ఎల్బీనగర్ (రెడ్), నాగోల్–రాయదుర్గం (బ్లూ), జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)–ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) (గ్రీన్). రెడ్, బ్లూ అమీర్‌పేటలో కలుస్తాయి. అక్కడ బయటికి రాకుండానే రైలు మారొచ్చు.

విజయవాడ వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్లు ఎంజీబీఎస్ దాకా కూర్చోనక్కర్లేదు, ఎల్బీనగర్‌లో దిగి రెడ్ లైన్ ఎక్కేయొచ్చు. వరంగల్ వైపు వాళ్లకు ఉప్పల్‌లో బ్లూ లైన్ దొరుకుతుంది. కాకపోతే మెట్రో మొదలయ్యేది ఉదయం ఆరింటికి. ట్రావెల్స్ బస్సు నాలుగున్నరకే దింపేస్తే ఆటోవాళ్లు చెప్పిందే రేటు, కాబట్టి కాస్త ఆలస్యంగా చేరే సర్వీసు చూసుకోండి.

రైలు టికెట్‌లో దిగే స్టేషన్ పేరు తప్పక చూడాలి. ‘హైదరాబాద్ దక్కన్’ అంటే నాంపల్లి. నాంపల్లి, సికింద్రాబాద్ రెండింటికీ మెట్రో దగ్గరే. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని రైళ్లు అక్కడే ఆగిపోతున్నాయి. అది ఊరికి తూర్పు కొస, మెట్రో లేదు. సామాను, పిల్లలు ఉంటే అక్కడి నుంచి క్యాబ్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. శంషాబాద్ విమానాశ్రయానికీ మెట్రో లేదు. ఆర్టీసీ పుష్పక్ బస్సులున్నాయి, ఏ దారిలో వెళ్తుందో అడిగి ఎక్కండి.

రెండు మూడు రోజులకైతే బసకు లక్డీకాపూల్, నాంపల్లి వైపు మేలు. బిర్లా మందిర్ పక్కనే (ఫోన్లు లోపలికి రానివ్వరు, మధ్యాహ్నం మూసేస్తారు), పాతబస్తీ దగ్గర, రెడ్ లైన్ చేతిలో ఉంటుంది. అమీర్‌పేటలో రెండు లైన్లూ అందుతాయి గానీ, రోడ్డు వైపు గదైతే రాత్రి పదకొండు దాకా హారన్ల మోతే. గచ్చిబౌలి, హైటెక్ సిటీ హోటళ్లు ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లవి. వారం మధ్యలో రేట్లు ఎక్కువ, శని ఆదివారాల్లో తగ్గుతాయి. చార్మినార్ చూడాలనుకునేవాళ్లు అక్కడ దిగితే రోజూ ఊరు దాటడమే సరిపోతుంది.

పాతబస్తీని శుక్రవారం పెట్టుకోవద్దు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ ఆ రోజు సెలవు, మధ్యాహ్నం మక్కా మసీదు దగ్గర నమాజు రద్దీ. ఎంజీబీఎస్ మెట్రోలో దిగి మొదట మ్యూజియానికి వెళ్లండి. పదింటికి తెరుస్తారు. గంట కొట్టే బొమ్మ గడియారం దగ్గర పన్నెండింటికి జనం గుమిగూడతారు. అక్కడి నుంచి ఆటోను ‘చార్మినార్’ అని కాకుండా ‘మదీనా’ (దగ్గర్లోని కూడలి) అని అడగండి. చార్మినార్ చుట్టూ వాహనాలను రానివ్వరు, చుట్టు తిప్పి దింపుతారు. మదీనా నుంచి పత్తర్‌గట్టి మీదుగా నడిస్తే పది నిమిషాలు. చార్మినార్ పక్కనున్న గాజుల బజారు, లాడ్ బజార్‌కు పొద్దున్నే వెళ్తే సగం షట్టర్లు దించే ఉంటాయి.

గోల్కొండకు మెట్రో లేదు. లక్డీకాపూల్ నుంచి మెహదీపట్నం బస్సెక్కి, అక్కడ లంగర్‌హౌజ్ మీదుగా కోటకు బస్సో ఆటోనో పట్టుకోవాలి. కోట కొండమీది బాలాహిస్సార్ దాకా మూడు వందలకు పైగా మెట్లు, పైన నీడ తక్కువ. ఎండాకాలంలో తొమ్మిదిలోపు ఎక్కడం మొదలుపెట్టకపోతే పెద్దవాళ్లు సగంలో కూర్చుండిపోతారు. అదే పూట కుతుబ్‌షాహీ సమాధులు కూడా చూసేయొచ్చు. ఆ సాయంత్రమే శిల్పారామం కూడా అని ఆశపడొద్దు, ఆఫీసులు వదిలే వేళ గచ్చిబౌలి, మాదాపూర్ రోడ్లు కదలవు. దాన్ని హైటెక్ సిటీ మెట్రోతో విడిగా పెట్టుకోండి. రామోజీ ఫిల్మ్ సిటీకి మాత్రం ఒక రోజంతా కేటాయించాల్సిందే. ఎల్బీనగర్ దాకా మెట్రో, ఆపైన విజయవాడ రోడ్డు బస్సు.

సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం అన్నది తెలంగాణ వాసులకే. ఆంధ్రా చిరునామా ఉన్న ఆధార్ చెల్లదు, టికెట్ తీసుకోవాలి. రోజంతా బస్సుల్లోనే తిరిగేవాళ్లకు 24 గంటల టీ-24 టికెట్ ఉంది, కండక్టరే ఇస్తాడు.

చిరునామాకు ఇంటి నంబర్ కన్నా పిల్లర్ నంబరే ఎక్కువ పనికొస్తుంది. మెట్రో పిల్లర్లకు నంబర్ ముందు అక్షరం ఉంటుంది: రెడ్ లైన్‌కు ఏ, బ్లూ లైన్‌కు సీ. అత్తాపూర్ వైపు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్లకు ఉత్త అంకెలే. ‘143 దగ్గరికి రండి’ అని ఎవరైనా అంటే, అది మెట్రోదా, ఎక్స్‌ప్రెస్‌వేదా అని అడిగాకే ఆటో ఎక్కండి.