యాభై గంటల వాల్యూయర్ కోర్సు: విజయనగరం, శ్రీకాకుళంలో పని చేయాలనుకునేవాళ్ళకి ఎంత పనికొస్తుంది?

స్థలాలకీ ఇళ్ళకీ విలువ కట్టే వృత్తిలోకి రిజిస్టర్డ్ వాల్యూయర్‌గా రావాలంటే ఈ కోర్సు చేయక తప్పదు. కంపెనీల చట్టం 247వ సెక్షన్, 2017 నాటి రిజిస్టర్డ్ వాల్యూయర్ల నిబంధనలు దీనికి ఆధారం. వాల్యూయర్లని నియంత్రించే ఐబీబీఐ (దివాలా వ్యవహారాల బోర్డు) గుర్తించిన ఆర్వీవోలు, అంటే రిజిస్టర్డ్ వాల్యూయర్ల సంస్థలు, దీన్ని నడుపుతాయి. ఎక్కడ చేరినా సిలబస్ ఒక్కటే కాబట్టి ఈ రివ్యూ కోర్సు గురించే, ఫలానా సంస్థ గురించి కాదు. మొత్తం మీద ఐదుకి మూడు. పరీక్ష గట్టెక్కించే విషయంలో నాలుగు ఇవ్వొచ్చు. నెల్లిమర్ల దగ్గర జిరాయితీ (సొంత పట్టా) పొలానికి రిపోర్టు రాయడం నేర్పే విషయంలో రెండుకి మించి ఇవ్వలేం.

ఫీజు కట్టేముందు అర్హత చూసుకోండి. 'ల్యాండ్ అండ్ బిల్డింగ్' విభాగానికి సివిల్ ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్ లేదా టౌన్ ప్లానింగ్‌లో డిగ్రీ, ఆ తర్వాత ఐదేళ్ళ అనుభవం ఉండాలి. పీజీ చేసినవాళ్ళకి మూడేళ్ళు చాలు. డిప్లొమా ఒక్కటే ఉంటే దారి లేదు. ఎక్కువమంది బోల్తా పడేది 'ఆ తర్వాత' అన్న మాట దగ్గరే. పాలిటెక్నిక్ చదివి, సైటు పని చేస్తూ మధ్యలో బీటెక్ పూర్తి చేసినవాళ్ళు పదేళ్ళ అనుభవం ఉందనుకుంటారు. లెక్కకి వచ్చేది బీటెక్ తర్వాతి కాలమే. కాంట్రాక్టరు తెల్లకాగితం మీద రాసిచ్చే సర్టిఫికెట్లలో తేదీలు, హోదా, చేసిన పని స్పష్టంగా లేకపోతే ఆఖర్లో దరఖాస్తు వెనక్కి వస్తుంది. అప్పటికి కోర్సు ఫీజు, పరీక్ష ఫీజు అయిపోయి ఉంటాయి.

వరుస ఇది: ఆర్వీవోలో చేరాలి, యాభై గంటల క్లాసులు పూర్తి చేయాలి, కంప్యూటర్ మీద రెండు గంటల పరీక్ష రాయాలి, పాసయ్యాక ఫారం-ఏ ద్వారా ఐబీబీఐకి దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తు రుసుము ఐదు వేలు, తిరిగి రాదు. పరీక్ష వంద మార్కులకి, పాసవ్వాలంటే అరవై రావాలి. తప్పు జవాబుకి ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు కోత పడుతుంది కాబట్టి గుడ్డిగా టిక్కు పెట్టకండి. ఇంజనీర్లని దెబ్బ కొట్టేది లెక్కలు కాదు, చట్టాలూ ఆర్థికశాస్త్రమూ. ఆ క్లాసులకి డుమ్మా కొడితే మళ్ళీ రాయాల్సిందే.

బాగున్నవి చెప్పుకోవాలంటే తరుగుదల పాఠం. 1,200 చదరపు అడుగుల స్లాబు ఇల్లు, వయసు 20 ఏళ్ళు, ఆయుష్షు 60 ఏళ్ళు అనుకుందాం. శేష విలువ (ఆయుష్షు తీరాక కట్టడానికి మిగిలే విలువ) పది శాతం పక్కన పెడితే తరుగు 90ని 60తో భాగించి 20తో గుణిస్తే వచ్చే 30 శాతం. ఇప్పుడు కట్టడానికి అడుగుకి 1,800 అవుతుందనుకుంటే మొత్తం 21.60 లక్షలు, తరుగు పోను 15.12 లక్షలు. ఇంతవరకు పాఠం భేషుగ్గా ఉంది. కానీ కళింగపట్నం, భావనపాడు లాంటి చోట్ల ఉప్పుగాలికి స్లాబు కింద కడ్డీ తుప్పు పట్టి పెచ్చులూడుతుంటే అరవై ఏళ్ళ ఆయుష్షు ఎక్కడిది? అక్కడ వయసు కంటే స్థితి చూడాలి. పెచ్చు ఊడిన చోట కడ్డీ ఎంత సన్నబడిందో దగ్గరగా ఫోటో తీసి, మిగిలిన ఆయుష్షు తగ్గించి, ఎందుకు తగ్గించారో రిపోర్టులో ఒక వాక్యం రాయాలి. క్లాసులో ఇది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. 2013 భూసేకరణ చట్టం పాఠం కూడా విలువైనదే. భోగాపురం ఎయిర్‌పోర్టు, మూలపేట పోర్టు వైపు పని చేసేవాళ్ళకి 26వ సెక్షన్ ప్రకారం మార్కెట్ విలువ కట్టే లెక్క, దాని మీద నూరు శాతం సొలేషియం (అదనపు పరిహారం) కంఠతా వచ్చి ఉండాలి.

అసలు లోటు, స్థలాన్ని గుర్తుపట్టడం నేర్పకపోవడం. ఉదాహరణలన్నీ పెద్ద నగరాల ఫ్లాట్లవే. మన దగ్గర రిపోర్టు తప్పేది రేటు దగ్గర కాదు, వేరే స్థలాన్ని చూసి రావడం దగ్గర. యజమాని బండెక్కించుకుని తీసుకెళ్ళి 'ఇదేనండి' అని చూపించినదాన్ని నమ్మకూడదు. దస్తావేజులోని నాలుగు హద్దులు నేల మీద ఒక్కొక్కటిగా సరిచూడాలి. తూర్పున ఫలానా వారి ఇల్లు అని రాసి ఉంటే, ఆ ఇల్లు చేతులు మారి ఉంటుంది. ఇరుగుపొరుగుని అడిగి, వాళ్ళ కాగితం చూడాలి. పొలమైతే ఎఫ్ఎంబీ నక్షా (సర్వే శాఖ కొలతల పటం) తీసుకోవాలి. పాత నక్షాల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి: వంద లింకులు 66 అడుగులు, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు, అంటే 48.4 గజాలు. రీసర్వే అయిన గ్రామాల్లో దస్తావేజులో సర్వే నంబరు ఉంటుంది, కొత్త 1-బీలో (భూహక్కుల రికార్డులో) ఎల్పీఎం నంబరు, అంటే ల్యాండ్ పార్సిల్ మ్యాప్ నంబరు, ఉంటుంది. రెండూ ఒకే ముక్క అని కాగితం మీద జత కుదరకుండా విలువ రాస్తే మెడకి చుట్టుకుంటుంది.

కొలతలో తేడా వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా కోర్సు గట్టిగా చెప్పదు. దస్తావేజు ప్రకారం 200 గజాలు, టేపు పెడితే 186 వచ్చాయనుకోండి. గజం 15 వేలు అనుకుంటే తేడా 2.10 లక్షలు. బ్యాంకు పనిలో రెండింట్లో తక్కువదే తీసుకోవాలి. ఆ పద్నాలుగు గజాలు రోడ్డులో పోయాయా, పక్కవాళ్ళ గోడ కిందకి వెళ్ళాయా అన్నది రిపోర్టులో కనబడాలి.

జిరాయితీయా, డి-పట్టానా (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమి), ఇనామా, దేవాదాయ భూమా, చెరువు గర్భమా అన్నది రేటు కంటే ముందు తేలాలి. 22-ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) చూడకుండా సైటుకి బయల్దేరడం పెట్రోలు దండగ. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం లాంటి ఏజెన్సీ మండలాల్లో గిరిజన ప్రాంత భూబదిలీ నిబంధన 1/70 ఉంది. గిరిజనేతరుల పేరిట బదిలీ చెల్లదు కాబట్టి మైదానం రేటు అక్కడ పెట్టడానికి వీల్లేదు. ఇక రేటు సంగతి. రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో చాలావరకు ప్రభుత్వ విలువే ఉంటుంది, బయట బేరం దానికి పైన నడుస్తుంది. ఎయిర్‌పోర్టు పేరు చెప్పి బ్రోకర్లు పలికే ధర అడిగిన ధరే గానీ తెగిన ధర కాదు. తెగిన బేరాలు కనీసం మూడు దొరికేదాకా ఆగండి.

సర్టిఫికెట్ రాగానే బ్యాంకులు పిలుస్తాయనుకోకండి. ప్యానెల్‌లోకి (తమ వాల్యూయర్ల జాబితాలోకి) తీసుకోవడం ఏ బ్యాంకు ఇష్టం దానిది. కొన్ని సంపద పన్ను చట్టం 34ఏబీ రిజిస్ట్రేషన్ కూడా అడుగుతాయి. ఈలోపు ఆడిటర్లని కలవండి. పాత ఆస్తి అమ్మినవాళ్ళకి మూలధన లాభాల పన్ను కోసం 2001 ఏప్రిల్ 1 నాటి విలువ కావాలి. దానికి అప్పటి సబ్‌రిజిస్ట్రారు రేట్లు వెతికి పట్టుకోవడమే సగం పని, ఎందుకంటే స్థలమైనా ఇల్లయినా ఆనాటి స్టాంపు విలువకి మించి చూపించడానికి చట్టం ఒప్పుకోదు. 'లోన్ వస్తేనే ఫీజు' అనేవాళ్ళు తగులుతారు. ఫలితంతో ముడిపెట్టిన ఫీజు ప్రవర్తనా నియమావళికి విరుద్ధం, అక్కడే కాదనండి.

ఆర్వీవోని ఎంచుకునేటప్పుడు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి: క్లాసు తప్పితే తర్వాతి బ్యాచ్‌లో ఉచితంగా కూర్చోనిస్తారా, అనుభవ పత్రాలు ఫీజు కట్టకముందే చూసి చెబుతారా, ఏటా కట్టాల్సిన సభ్యత్వ రుసుము ఎంత. రెండోదానికి 'ముందు చేరండి సార్, తర్వాత చూద్దాం' అంటే ఇంకో సంస్థకి ఫోన్ చేయండి.