వైర్ వీల్స్ ఉన్న పాత కారు: టైరుకు కట్టాలా, యాక్సిల్‌కు కట్టాలా?

వైర్ వీల్స్ (సైకిల్ చక్రంలా సన్నని స్పోకులున్న చక్రాలు) ఉన్న ఎంజీబీనో, జాగ్వార్ ఈ-టైప్‌నో, ట్రయంఫ్ టీఆర్ కారునో ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చాల్సి వస్తే, ఏ బండి పిలవాలన్నదే చాలామందికి ముందు వచ్చే సందేహం. దానికి జవాబు పెద్ద కష్టం కాదు. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ ట్రక్కు గానీ ట్రైలర్ గానీ దొరికితే ఇక వేరే ఆలోచన అక్కర్లేదు. అసలు మంచీ చెడూ తేలేది కారు పైకెక్కిన తర్వాత, పట్టీ ఎక్కడ వేస్తారన్న దాన్ని బట్టి.

మామూలు స్టీలు చక్రమో అల్లాయ్ చక్రమో అయితే సందుల్లోంచి పట్టీ దూర్చి బిగించేయడం చాలామంది డ్రైవర్లకు అలవాటు. వైర్ వీల్ చూడగానే వాళ్లకు ఇంకా సంబరం, ఎటు చూసినా సందులే కదా! అక్కడే ఆపాలి. ఈ చక్రంలో రిమ్ముకీ హబ్బుకీ మధ్య 48, 60 లేదా 72 స్పోకులుంటాయి. ఒక్కొక్కటీ తన పొడవు వెంబడి పడే లాగుడును తట్టుకోవడానికే చేసింది. పక్క నుంచి పట్టీ ఒరుసుకుని లాగితే వంగిపోతుంది. ఒకటి వంగి బిగువు కోల్పోతే దాని వంతు బరువు పక్కవాటి మీద పడుతుంది, మెల్లగా రిమ్ము వంకర తిరుగుతుంది. స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్ (నిపుల్) కదిలితే లోపలున్న ట్యూబుకూ గండమే. గొలుసు, కొక్కెం సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి స్పోకుల్లోంచి కట్టడాన్ని పోటీలోకే తీసుకోవడం లేదు. మిగిలినవి రెండు: టైరు మీదుగా కట్టడం, యాక్సిల్‌కు కట్టడం.

టైరు మీదుగా వేసే పట్టీలు వేరుగా దొరుకుతాయి. టైరు పైభాగాన్ని కప్పుతూ వచ్చి, ముందూ వెనకా ట్రక్కు నేలకు బిగుస్తాయి. జారకుండా కొన్నింటికి రబ్బరు దిమ్మెలు కూడా ఉంటాయి. వీటి సుఖం ఏమిటంటే చక్రం కదలదు, కారు బాడీ మాత్రం తన స్ప్రింగుల మీద తాను ఊగుతూనే ఉంటుంది. దారి గతుకులకు పట్టీ వదులు కావడం తక్కువ. కారు కిందకు దూరి బ్రేకు పైపులు ఎక్కడున్నాయో వెతుక్కునే పనీ లేదు. ట్రక్కు గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు బరువంతా హబ్బు నుంచి స్పోకుల మీదుగానే టైరుకు చేరుతుంది, నిజమే. కానీ రోడ్డు మీద ఆ స్పోకులు రోజూ చేసే పనీ అదే. చక్రం ఆరోగ్యంగా ఉంటే భయపడాల్సిందేమీ లేదు.

దీంతో వచ్చే ఇబ్బంది చోటు. కొన్ని పాత కార్లలో మడ్‌గార్డు వెనక చక్రం మీదకు బాగా దిగి ఉంటుంది, టైరు పైన వేలు పట్టడం కూడా కష్టం. అక్కడ బలవంతంగా పట్టీ దూరిస్తే అది పెయింటుకు రాసుకుంటూ ప్రయాణం చేస్తుంది. మధ్యలో చెవులున్న పెద్ద నట్ ఉన్న చక్రమైతే పట్టీ అంచు ఆ చెవులకు తగలకుండా చూడాలి. అమెరికాలో 1968లో కొత్త కార్లకు ఆ చెవులను నిషేధించారు కాబట్టి, ఆ తర్వాతి ఏళ్లలో అక్కడ అమ్మిన కార్లకు ఎక్కువగా ఎనిమిది పలకల నట్ కనిపిస్తుంది. పట్టీ కట్టేటప్పుడు అదే నయం, చూడ్డానికి మాత్రం చెవులదే అందం.

యాక్సిల్‌కు కట్టడం ఇంకో రకం. ఎంజీబీ లాంటి కార్లలో వెనక యాక్సిల్ ఒకే గట్టి గొట్టం. దానికి మెత్తని తొడుగున్న పట్టీ చుట్టి రెండు వైపులా లాగి కడితే భేషుగ్గా నిలుస్తుంది. ట్రక్కు ఆగినా, మలుపు తిరిగినా ఆ ఒత్తిడిలో చాలా భాగం పట్టీలే మోస్తాయి, స్పోకులకు పెద్దగా పని పడదు. ఈ లాభాన్ని చాలామంది పట్టించుకోరు. అయితే మరీ బిగించేస్తే, ఆ కిందికి లాగే బలం కూడా కారు బరువుకు తోడై చక్రం మీదే కూర్చుంటుంది. బిగువు సరిపడా ఉంటే చాలు, కండ బలం చూపించే చోటు కాదది.

అయితే అందరి చేతా కట్టించే పని కాదు. యాక్సిల్ గొట్టం మీదుగానే బ్రేకు పైపు పాకుతుంది, పక్కనే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ఉంటుంది. పట్టీ కింద పైపు నలిగితే ఆ సంగతి కారు దించి నడిపేదాకా తెలియకపోవచ్చు. ఈ-టైప్‌లో వెనక సస్పెన్షన్ విడివిడిగా పనిచేసే రకం. అక్కడ చేతికందే షాఫ్టులు చక్రాలను తిప్పేవి, వాటికి పట్టీ కట్టకూడదు. ముందు వైపు అయితే కింది విష్‌బోన్‌కో (చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ చెయ్యి) క్రాస్‌మెంబర్‌కో (కారు కింద అడ్డంగా ఉండే దూలం) కట్టాలి తప్ప స్టీరింగ్ రాడ్డుకూ, మలుపుల్లో కారు ఒరగకుండా చూసే యాంటీరోల్ బార్‌కూ కాదు. బంపర్ ఎంత మెరుస్తున్నా దాన్ని వదిలేయండి.

మరి ఏది మేలు? నా ఓటు టైరు పట్టీలకే, చక్రాలు బాగుంటేనే సుమా. బాగున్నాయో లేదో తెలుసుకోవడానికి వర్క్‌షాపు అక్కర్లేదు. చిన్న స్పానర్‌తో స్పోకులన్నీ ఒకదాని తర్వాత ఒకటి తట్టండి. బిగువుగా ఉన్నది తంబురా తీగలా ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా టప్పుమంటుంది. ఆ తర్వాత, పక్క చక్రాలకు అడ్డం పెట్టి ఒక చక్రాన్ని జాకీ మీద లేపి, బ్రేకు గట్టిగా నొక్కించి, చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఆడించండి. టక్కుమన్న చప్పుడు వస్తే చక్రాన్ని పట్టుకునే హబ్బు పళ్లు అరిగాయన్నమాట, లేదా మధ్య నట్ వదులైంది. వదులు స్పోకులు కొన్ని తగిలినా, పళ్లు అరిగినా నా ఓటు యాక్సిల్ వైపు మారుతుంది. ఏళ్ల తరబడి షెడ్డులో నిలబడిన కారుకు ఎక్కువగా ఇదే గతి. మడ్‌గార్డు అడ్డొచ్చే కారుకైతే ముందు టైర్లకు, వెనక యాక్సిల్‌కు కలిపి కట్టినా తప్పేమీ లేదు.

నేల మీద చక్రాలు దొర్లిస్తూ తీసుకెళ్లే పద్ధతులు రెండు మూడున్నాయి గానీ, తప్పనిసరైతేనే. ముందు టైర్లను కింద నుంచి ఎత్తే ట్రక్కు స్పోకుల జోలికి రాదు, కానీ వెనక చక్రాలు తిరుగుతుంటాయి. ఈ కార్లు వెనక చక్రాలతో నడిచేవి. ఆటోమేటిక్ గేరుబాక్సులో నూనెను తిప్పే పంపు ఇంజన్‌తో పనిచేస్తుంది, ఇంజన్ ఆగితే అదీ ఆగుతుంది. మాన్యువల్‌లో కూడా న్యూట్రల్‌లో ఇంజన్ ఆపి లాగితే నూనె చిమ్మే లోపలి గేర్లు తిరగవు. రెండింట్లోనూ నూనె అందక తిరిగే భాగాలు అరుగుతాయి. పక్క వీధిలోని గ్యారేజీ దాకా అయితే సరే, దూరం వెళ్లాలంటే గేరుబాక్సునూ వెనక యాక్సిల్‌నూ కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాల్సిందే. తాడు కట్టి లాగడం మాత్రం నాకు అసలు ఇష్టం లేదు. ఒక్కో కుదుపుకీ వెనక కారులో స్టీరింగ్ పట్టుకున్నవాడికి టెన్షన్.

ఏ పద్ధతిలో కట్టినా కాసేపు వెళ్లాక బండి ఆపి పట్టీలు మళ్లీ చూడాలి, కొత్త పట్టీ మొదట్లో కొంచెం సాగుతుంది. కారు దించాక మధ్య నట్‌లు కూడా సరిచూడండి. ఎంజీ, జాగ్వార్ లాంటి కార్లలో ఎడమ వైపు నట్ మామూలుగానే తిరుగుతుంది, కుడి వైపుది దానికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది. విప్పే దిశ చాలా నట్‌ల మీద బాణం గుర్తుతో రాసే ఉంటుంది. నట్‌కు దెబ్బ వేసేది రాగి సుత్తో సీసం సుత్తో కావాలి, ఇనుపది కాదు.

ట్రక్కు మాట్లాడుకునేటప్పుడే ఫోనులో రెండు సంగతులు తేల్చుకోండి: టైరు మీదుగా వేసే పట్టీలు నాలుగు ఉన్నాయా, ర్యాంపు వాలు ఎంత (ఎక్కువైతే కారు అడుగు రాసుకుంటుంది). పట్టీలు లేవంటే మీరే కొని పెట్టుకోవడం మంచిది. కారు ఎక్కించాక రోడ్డు పక్కన నిలబడి డ్రైవర్‌తో వాదించే పని తప్పుతుంది.