థార్ ఇప్పుడే కొనాలా, కొత్త అవతారం కోసం ఆగాలా?

మా బామ్మర్దిది అనకాపల్లి. రెండేళ్లుగా మహీంద్రా వాళ్ల జీపు లాంటి బండి థార్ కొంటానంటూనే ఉన్నాడు. షోరూమ్‌కి బయల్దేరే ముందు ఫోన్‌లో కొత్త మోడల్ బొమ్మ ఏదో కనిపిస్తుంది, ఆగిపోతాడు. "బావా, నేను కొన్న మర్నాడే కొత్తది వస్తే?" అని అతని టెన్షన్. అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఎదురుచూపు ఊరికే పుట్టలేదు. 2025 ఆగస్టు 15న ముంబైలో మహీంద్రా నాలుగు కాన్సెప్ట్ బళ్లు, అంటే అమ్మకానికి ముందు చూపించే నమూనాలు, బయటపెట్టింది. వాటిలో ఒకటి విజన్ టి. నిలువు పలకల గ్రిల్, గుండ్రటి లైట్లు, చదునైన బానెట్ చూసి 'టి' అంటే థారేనని జనం తేల్చేసుకున్నారు. ఈ నాలుగింటికీ ఆధారం ఎన్‌యూ ఐక్యూ అనే కొత్త ప్లాట్‌ఫాం (బండికి కింది పునాది), బళ్లు 2027 నుంచి వస్తాయని కంపెనీ మాట. అందరూ లైట్ల గురించే మాట్లాడుకుంటున్నారు గానీ అసలు సంగతి కిందుంది. ఆ ప్లాట్‌ఫాం మోనోకాక్.

ఇప్పటి థార్‌కి లారీలాగే కింద చాసిస్ అనే ఇనప చట్రం వేరు, పైన బాడీ వేరు. మోనోకాక్‌లో బాడీయే అస్థిపంజరం, మామూలు కార్లలాగా. బరువు తగ్గుతుంది, మలుపుల్లో ఊగదు, వెనక కూర్చున్నవాళ్ల నడుం బతికిపోతుంది. అయితే రాళ్ల దారిలో దెబ్బలు తిని, మెలికలు తిరిగి, మళ్లీ మామూలుగా నడవడంలో చాసిస్ బండికి ఉన్న పేరు వేరు. విజన్ టియే రేపటి థార్ అయితే, మారబోయేది ముఖం ఒక్కటే కాదు, ఎముకలు కూడా.

ఇలాంటి మార్పు ముందే చేసినవాళ్లున్నారు. 1948లో పుట్టిన ల్యాండ్ రోవర్ వంశంలోని డిఫెండర్ తయారీ 2016 జనవరి 29న ఇంగ్లండ్‌లోని సోలిహల్‌లో ఆగింది. 2019లో వచ్చిన కొత్త డిఫెండర్ చాసిస్ వదిలేసి అల్యూమినియం మోనోకాక్‌కి మారింది. పాతవాళ్లు గోల చేశారు. కానీ పాతది 500 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో దిగగలిగితే కొత్తది 900 దాకా దిగుతుంది. అంటే మోనోకాక్ అనగానే బురదకి పనికిరాదనుకోవడం తప్పు. దానికి బండిని పైకి లేపే ఎయిర్ సస్పెన్షన్ కావాలి, ఎలక్ట్రానిక్స్ కావాలి, వాటన్నిటికీ డబ్బు కావాలి. డిఫెండర్ ధరలో కుదిరినవన్నీ పది పదిహేను లక్షల బండిలో కుదరవు. నా అనుమానమల్లా ఇక్కడే.

జీప్ రాంగ్లర్ దీనికి పూర్తిగా ఉల్టా. 2018 మోడల్‌లో లోపల అంతా కొత్తదే అయినా వేరు చాసిస్ పద్ధతిని, ముందూ వెనకా రిజిడ్ యాక్సిళ్లని (రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు) వదల్లేదు. మెర్సిడెస్ జి క్లాస్ మధ్యదారి పట్టింది. 2018లో చాసిస్ ఉంచి, ముందు మాత్రం ఏ చక్రానికా చక్రం విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ పెట్టింది. పాత తలుపు పిడిని, ఆ తలుపు పడేటప్పటి 'టక్' చప్పుడుని పట్టుబట్టి కాపాడుకున్నారట! నన్నడిగితే థార్‌కి నప్పేది ఈ దారే.

మన థార్ కూడా ఒకసారి మారినదే. 2010లో వచ్చినదానికి గుడ్డ టాపు, వెనక ఎదురెదురు బెంచీలు, వెనక కమాను పట్టీలు. ఎయిర్‌బ్యాగులు లేవు. 2020 అక్టోబరు 2న వచ్చినదానికి వెనక కాయిల్ స్ప్రింగులు, గట్టి టాపు, ఆటోమేటిక్ గేర్లు అన్నీ వచ్చాయి. బండిని ఢీకొట్టించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో 4 స్టార్లు తెచ్చుకుంది. చాసిస్ వేరు, బాడీ వేరు అనే పద్ధతి మాత్రం అలాగే ఉంది. ఆ మార్పు వల్లే థార్ కాలేజీ కుర్రాళ్ల నుంచి డాక్టర్ల దాకా అందరి బండి అయింది.

సరే, ఇప్పుడు చేతికందేవి. మూడు తలుపుల థార్‌కి 2025 అక్టోబరులో చిన్న మెరుగులు దిద్దారు. పెద్ద స్క్రీన్, వెనక ఏసీ గాలి, మధ్యలో ఉన్న అద్దాల బటన్లు ఎట్టకేలకు తలుపుల మీదకి రావడం. 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2,450 మిల్లీమీటర్లే కాబట్టి గట్ల మీద పొట్ట తగలకుండా దాటుతుంది. 2.2 లీటర్ల డీజిల్, నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లే ఫోర్ బై ఫోర్‌తో ఇది నిజమైన అడవి బండి.

ఇందులో పన్ను మెలిక ఒకటుంది. పొడవు 4 మీటర్ల లోపు, డీజిల్ ఇంజన్ 1,500 సీసీ లోపు ఉంటే జీఎస్టీ 18 శాతం, దాటితే 40. థార్ పొడవు 3,985 మిల్లీమీటర్లు. అందుకే 1.5 లీటర్ల డీజిల్‌తో, వెనక చక్రాలకే శక్తి వెళ్లే థార్ చవక, 2.2 ఫోర్ బై ఫోర్ ఖరీదు. మనం ముచ్చటపడే ఆ పొట్టి వెనక భాగాన్ని గీసింది సగం డిజైనరైతే సగం పన్నుల శాఖ. రేపు వచ్చేది కూడా ఈ కొలబద్దని దాటడం కష్టం.

థార్ రాక్స్ ఐదు తలుపులది. వీల్‌బేస్ 2,850, సన్‌రూఫ్, భారత్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు. ఇందులో ఫోర్ బై ఫోర్ కావాలంటే డీజిల్‌లోనే దొరుకుతుంది. పొడవు పెరిగింది కాబట్టి గట్టు దాటే కోణం మూడు తలుపులదానికన్నా తక్కువ. ఇంటిల్లిపాదికీ అయితే వేరే ఆలోచన అక్కర్లేదు. మా అత్తగారిని మూడు తలుపుల థార్ దగ్గరికి తీసుకెళ్లి, ముందు సీటు వంచి "ఎక్కండి" అన్నాం. కాసేపు చూసి, "మీరు పదండి నాయనా, నేను బస్సులో వస్తాను" అంది.

మారుతి జిమ్నీని మనవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. చాసిస్, ముందూ వెనకా రిజిడ్ యాక్సిళ్లు, దాదాపు 1,200 కిలోల తేలిక ఒళ్లు. బురదలో ఇది కూరుకుపోయే లోపే దాటేస్తుంది. గుర్‌గావ్‌లో తయారైన ఇదే బండిని 2025 జనవరిలో నోమేడ్ పేరుతో జపాన్‌లో పెడితే, నాలుగు రోజుల్లో దాదాపు 50 వేల బుకింగులు పడి కంపెనీ ఇక బుకింగులే ఆపేసింది! ఘాట్ ఎక్కేటప్పుడు 105 హార్స్‌పవర్ పెట్రోల్ ఇంజన్ ఆయాసపడుతుంది, అదే దీని లోపం.

మరి ఏది మేలు? రోజూ తోటకో, క్వారీకో, ఏజెన్సీలో తారు లేని ఊళ్లకో పోయేవాళ్లు ఇప్పటి ఫోర్ బై ఫోర్ డీజిల్ థారే కొనుక్కోవాలి. కొత్తది వచ్చాక ఇలాంటిది దొరుకుతుందన్న హామీ లేదు. ఒంటరిగా అడవులు పట్టుకు తిరిగేవాళ్లకి జిమ్నీ. పిల్లలూ పెద్దలూ ఉంటే రాక్స్. ఆ రూపం నచ్చి, నూటికి తొంభై పాళ్లు సిటీలోనే తిరిగేవాళ్లు మాత్రం హాయిగా ఆగొచ్చు. మోనోకాక్ వాళ్లకే ఎక్కువ సుఖం. ఆగినా మొదటి బ్యాచ్ జోలికి వెళ్లకండి, కొత్త ప్లాట్‌ఫాం లోపాలు బయటపడటానికి ఒక వర్షాకాలమైనా గడవాలి.

మా వాడి లెక్క వేశాం. ఏడాదికి రెండుసార్లు లంబసింగి, మిగతా రోజులు ఆఫీసు, సంత. లంబసింగికి తారు రోడ్డే. "అంటే నాకు ఫోర్ బై ఫోరే అక్కర్లేదంటావా?" అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. అవును, వెనక చక్రాల రాక్స్ చాలు.

నా మటుకు నేను, కొత్తది బయటికొచ్చిన రోజున లైట్లు చూడను. తలుపు తీసి గేర్ రాడ్ పక్కన చూస్తాను, బురదలో, నిటారు ఎక్కుల్లో వాడే 4ఎల్ అనే నిదానపు గేర్లలో వేసే ఆ రెండో రాడ్ ఇంకా ఉందా లేదా అని.