తిండి పట్టింపు ఉన్నవాళ్ళకు గోదావరి డెల్టా

తిండి దగ్గర నాకు పట్టింపు ఎక్కువ. పొద్దుటి డికాక్షన్‌తో సాయంత్రం కాఫీ కలిపితే తాగను. నెయ్యి వాసన చూడనిదే అన్నంలో వేయించుకోను. చుట్టాల్లో కొందరు దీన్ని బడాయి అంటారు కానీ, వండినవాళ్ళు పడిన శ్రమను గుర్తుపట్టాలంటే నాలుకకు ఆ మాత్రం నిక్కచ్చితనం ఉండాలన్నది నా నమ్మకం. ఎప్పుడు వండారు, ఏ కాలంలో దొరికేది, ఎవరి చేతి వంట అని అడగడం నా పట్టింపు. బోర్డు మీది పేరు, బిల్లు మీది అంకె, ఏసీ చల్లదనం చూసి తిండిని తూచేవాళ్ళ పట్టింపు వేరు. శ్రావణంలో గోదావరి డెల్టాలో తిరిగినప్పుడు ఈ తేడా పూటపూటకూ కనిపించింది. నా వెంట బావమరిది వచ్చాడు. అతను ఫోనులో రేటింగు చుక్కలు లెక్కపెట్టకుండా ఏ హోటల్లోనూ అడుగు పెట్టడు.

రాజమహేంద్రవరంలో బస గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఘాట్లకు నడిచి వెళ్ళేంత దూరంలో శుభ్రమైన లాడ్జి దొరికితే చాలు. మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ తాగాం. పేరు పెద్దది, కానీ ఆ పేరుకు తగ్గట్టే ఉంది. పాలు చిక్కన, తీపి మితం. రంగు నీళ్ళలో పంచదార కలిపి అమ్మే సరుకు ఊరూరా ఉంది, దానికీ దీనికీ పోలిక లేదు.

అక్కడి నుంచి ముందు తాపేశ్వరం, కాకినాడ వైపు వెళ్ళివచ్చాం. కాజాల మీద నా తీర్పు సూటిగా చెబుతాను. తాపేశ్వరం మడత కాజా పొరలు పొరలుగా విడిపోతుంది, పాకం పొరల మధ్య ఉంటుంది. కాకినాడ గొట్టం కాజా కొరకగానే లోపలి పాకం నోట్లోకి దూకుతుంది. కాకినాడలో కోటయ్య 1891లో మొదలుపెట్టిన దుకాణం పేరు మీదే ఆ ఊరి కాజా నిలబడింది. రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే నాకు మడత కాజా, అదీ ఆ పూట పాకంలోంచి తీసింది. డబ్బాలో ఊరికి తెచ్చుకున్న కాజా తిని ఈ రెండు ఊళ్ళ గురించి మాట్లాడటం అన్యాయం.

ఆత్రేయపురం వెళ్ళాలంటే ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా కాలువ గట్టు పట్టుకోవాలి. 1847లో కాటన్ దొర ఇక్కడ ఆనకట్ట పని మొదలుపెట్టాడు, 1852 నాటికి అది పూర్తయింది. ఈ సీమ అన్నం మెతుకు మెతుకులోనూ ఆ నీళ్ళున్నాయి. లొల్ల లాకుల దగ్గర కూడా బండి ఆపి కాసేపు నిలబడ్డాం.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోడ్డు పొడవునా దుకాణాలే. వాటి మీది బోర్డుల్లో బాదం, పిస్తా, చాక్లెట్ అని రకరకాల పేర్లు. అసలు చూడవలసింది దుకాణం కాదు, రేకు తీసే చోటు. అడిగితే ఎవరూ కాదనరు. ఒక ఇంటి వరండాలో ఒకావిడ కుండను బోర్లించి పెట్టుకుంది. పక్కనున్న కంతలోంచి లోపలికి ఎండు కొబ్బరి ఆకులు తోస్తోంది. బియ్యం నానబెట్టి రుబ్బి పల్చగా కలిపిన పిండిలో చిన్న గుడ్డ ముంచి, రెండు చేతులతో కొసలు పట్టుకుని, కుండ వీపు మీద ఒక్క ఊపున లాగింది. గుడ్డ ఇంకా పూర్తిగా పైకి లేవకముందే పిండి పొరగా ఎండిపోయింది. ఆవిడ దాన్ని అంచు దగ్గర గోటితో లేపి తీసి పక్కన పెట్టింది. మంట కాస్త ఎక్కువైతే రేకు మాడుతుంది, తగ్గితే కుండను వదలదు. ఆ సెగ దగ్గర రోజంతా కూర్చునే పని ఇది. "ఏ రకం తీసుకోమంటారండీ?" అని అడిగాను. "బెల్లం, నెయ్యి. అంతేనండి. జీడిపప్పు వేస్తే రేకు రుచి తెలియదు" అంది.

ఆ మాట నేను పూర్తిగా ఒప్పుకుంటాను. చాక్లెట్ పూసిన పూతరేకు నోట్లో పెట్టుకుంటే మిగిలేది చాక్లెట్ ఒక్కటే. మరి అంత సెగ దగ్గర కూర్చుని రేకు తీసిన చేతికి దక్కిందేమిటి? బావమరిది ధర ఎక్కువున్న పెట్టె కొన్నాడు. నేను బెల్లం, నెయ్యి రకం తీసుకుని అక్కడే గట్టు మీద తిన్నాను. నెయ్యి వేళ్ళకు అంటాలి, రేకు నాలుక మీద పెట్టగానే కరగాలి. రెండూ జరిగాయి.

రావులపాలెంలో అరటి మార్కెట్ ఉంది. దారిలో ఒక బండి దగ్గర చక్రకేళి పళ్ళు కొన్నాం. తొక్క మీద మచ్చలు వచ్చినదాన్నే అడిగి తీసుకోండి. పచ్చగా నిగనిగలాడేది కళ్ళకే బాగుంటుంది.

అంబాజీపేటలో పొద్దుటి టిఫిను పొట్టిక్కలు. పనసాకులను ఈనెపుల్లలతో గుచ్చి బుట్టలా చేస్తారు, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే వాసన కోసమే ఇంతదూరం రావచ్చు. పిండికి ఆకు అంటిన చోట లేత గోధుమ రంగు గీతలు పడతాయి, రుచంతా అక్కడే. కొబ్బరి పచ్చడి రోట్లో నూరింది, పచ్చిమిర్చి ఘాటు ముందు, కొబ్బరి తీపి తరువాత. కూర్చోవడానికి బల్లలు, తాగడానికి స్టీలు గ్లాసులు, అంతే. ఎనిమిది దాటితే వేడివి దొరకడం కష్టం. వడ్డన చురుగ్గా ఉంది, పైగా చట్నీ రెండోసారి అడగకుండానే వేశారు. నా దృష్టిలో సేవ అంటే అది.

దగ్గరలోనే లంకల గన్నవరం. డొక్కా సీతమ్మగారు (1841–1909) అన్నం పెట్టిన ఊరు. వేళ కాని వేళ వచ్చినా, ఏ కులం వాళ్ళు వచ్చినా ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదు. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ఆహ్వానం వచ్చినా వెళ్ళలేదని చెబుతారు. గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలువను దాటించే కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. తిండిలో పట్టింపు ఉన్న ప్రతివాడూ అక్కడ ఒకసారి ఆగి వెళ్ళాలని నా కోరిక. పదార్థాన్ని ఎంచుకునే హక్కు మనకుంది. పంక్తిలో పక్కన కూర్చునే మనిషిని ఎంచుకునే హక్కు లేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ రాత్రి బస చేసిన చోట అదే ఎదురైంది. దిండి వైపు వశిష్ఠ గోదావరి ఒడ్డున బసలు చాలా ఉన్నాయి. పర్యాటక శాఖ వారి రిసార్టూ అక్కడే ఉంది. బావమరిది చుక్కలు చూసి వేరే ఒక ఖరీదైన చోట గదులు తీసుకున్నాడు. గది గురించి వంక పెట్టలేను. దుప్పట్లు తెల్లగా ఉన్నాయి, కిటికీ తీస్తే నది, వేడినీళ్ళు నిమిషంలో వచ్చాయి. తిండి దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. చుట్టూ కొబ్బరి తోట, దిగగానే చేతికిచ్చింది డబ్బా మామిడి రసం. బొండం అడిగితే బయటి నుంచి తెప్పించాలన్నారు. పొద్దున వరుసగా పెట్టినవి కార్న్‌ఫ్లేక్స్, బ్రెడ్డు, పుట్నాలపప్పే ఎక్కువైన చట్నీ. పొట్టిక్కలు చేయిస్తారా అని మేనేజరును అడిగాను. "అవి మామూలు వాళ్ళు తినేవండి, మా దగ్గరికి వచ్చేవాళ్ళు అడగరు" అన్నాడు. మా డ్రైవరును వెనక గదిలో కూర్చోబెట్టి వేరే కూర, నీళ్ళ మజ్జిగ పెట్టారని తరువాత తెలిసింది. పంక్తి గురించిన ఆ మాటే మేనేజరుకు గట్టిగా చెప్పి, బిల్లు కట్టి, మిగిలిన రాత్రులకు అమలాపురం లాడ్జికి మారాం. పడక కోసం ఆ రిసార్టుకు వెళ్ళవచ్చు, భోజనం కోసం మాత్రం వద్దు. వరద ఎక్కువైతే బోట్లు కూడా ఆపేస్తారు, హౌస్‌బోటు కోసమే వెళ్ళేవాళ్ళు శ్రావణ భాద్రపదాలు వదిలి చలికాలం పెట్టుకోవాలి.

మేము శ్రావణం ఎంచుకుంది పులస కోసం. ఈ చేప సముద్రంలో ఉంటుంది, గుడ్లు పెట్టడానికి వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వస్తుంది. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ అడ్డు పడుతుంది. అందుకే పులస రుచి అంతా సముద్రానికీ ఆ బ్యారేజీకీ మధ్యనున్న ఈ పాయలదే. ఎర్రనీళ్ళలో ఎదురీదిన చేపకూ సముద్రంలో పట్టి మంచులో పెట్టి తెచ్చిన చేపకూ రుచిలో ఎంతో దూరం, ధరలో అంతకంటే దూరం. ఆ దూరంలోనే మోసం ఉంది. అమలాపురం దారిలో ఒక పెద్ద హోటల్లో "ఈ పూట పట్టిన పులస" అన్నారు. చేపను చూపించమన్నాను. తెచ్చింది మంచుపెట్టెలోంచి. కళ్ళు లోపలికి పోయాయి, మొప్పలు నల్లబడ్డాయి. దండం పెట్టి లేచి వచ్చాం.

మా డ్రైవరుకు తెలిసినవాళ్ళ ద్వారా రాజోలు దగ్గర ఒక ఇంట్లో కుదిరింది. అడిగినవాళ్ళకు వండిపెట్టే ఇల్లు, బోర్డు లేదు. ఇంటావిడ అడిగిన మొదటి మాటే నన్ను గెలిచింది: "అన్నయ్యగారూ, ఈ రోజే తినేస్తారా, రేపు తింటారా?" రేపన్నాను. మట్టికుండలో చింతపండు పులుసు, పచ్చిమిర్చి, బెండకాయలు, సన్నని మంట. ముక్కలు పడ్డాక గరిటె పెట్టలేదు, కుండను గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పింది. దించేముందు ఆవకాయ నూనె ఒక గరిటెడు పోసింది. మర్నాడు మధ్యాహ్నానికి పైన నూనె పేరుకుని ఉంది, ముక్క విడదీస్తే లోపలి దాకా పులుపు పట్టింది. జన (చేప గుడ్లు) ఒక్కటే నోట్లో పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు నేను. డ్రైవరు, ఇంటాయన, మేము, అందరం ఒకే వరుసలో ఆకులు వేసుకున్నాం.

"బావా, ఇంత డబ్బు పోసి ఈ ముళ్ళు ఏరుకోవాలా?" అని బావమరిది అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే. పులసలో ముళ్ళు సన్నవి, లెక్కలేనన్ని. ఓపిక లేనివాళ్ళు, చిన్నపిల్లలున్నవాళ్ళు దీని జోలికి పోకుండా రొయ్యల ఇగురు, కొరమీను పులుసు తినండి. రెండూ ఇక్కడ గొప్పగా ఉంటాయి, ధరా అందుబాటులో ఉంటుంది. పులసే కావాలంటే చేప కోయకముందు చూడాలి, ధర ముందే మాట్లాడుకోవాలి, ఒక రోజు ఆగగలగాలి. కొందరు పులస తిన్నామని చెప్పుకోవడానికే తింటారు. అలాంటివాళ్ళ వల్లే ధర చుక్కలనంటి, ఇక్కడి మామూలు ఇళ్ళకు ఈ చేప దూరమైపోయింది. ఆ బాధ ఇంటావిడ మాటల్లోనూ వినిపించింది.

కాఫీ సంగతి ఒక్క ముక్కలో: అమలాపురంలో ఒక పాత మెస్సులో తప్ప ఎక్కడా నచ్చలేదు. టీ మాత్రం ప్రతిచోటా బాగుంది. అందుకని మెస్సు తప్ప మిగతా చోట్ల టీయే తాగాను.

చించినాడ వంతెన దాటి పాలకొల్లు చేరాం. సఖినేటిపల్లి నుంచి పంటు (బల్లకట్టు) మీద నరసాపురం దిగి కూడా రావచ్చు కానీ వరదకు ఆపేశారు. పాలకొల్లులో మినపరొట్టె తినకుండా రావద్దు. ఇనుప మూకుడులో మందంగా పిండి పోసి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టి కాలుస్తారు. పైన కరకరలాడే ఎర్రటి పెచ్చు, లోపల దూదిలాంటి మెత్తదనం. చెరకు పానకంతో తినాలి, అల్లం పచ్చడి అడిగితే అదీ ఇస్తారు. గ్యాసు పొయ్యి మీద కాల్చిన రొట్టెను అదే పేరుతో అమ్మేవాళ్ళూ ఉన్నారు. కొనేముందు పొయ్యిలోకి తొంగి చూడండి, బొగ్గులు కనబడితేనే కూర్చోండి. రొట్టె కాలడానికి సమయం పడుతుంది. ముందు చెప్పేసి, క్షీరారామ లింగేశ్వరుడి దర్శనం చేసుకుని వస్తే సరిగ్గా అందుతుంది. పార్సెల్ మాత్రం అడగకండి, ఆవిరికి పెచ్చు మెత్తబడిపోతుంది.